నా దగ్గు తగ్గించిన మాత్ర వెనక మనిషి

మా నల్లగొండ, పాలమూరు దిక్కు ఇసనోఫీలియా అన్న మాట వినని తల్లి ఉండదేమో. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు నాకూ అదే వచ్చింది. పగలంతా బాగానే ఉండేదాన్ని. నడిరాత్రి దాటితే చాలు, దగ్గు, పిల్లికూతలు, ఆయాసం. నేను మంచంలో లేచి కూర్చుంటే అమ్మ నా వీపు రాస్తూ తెల్లారేదాకా కూచునేది. ఎక్స్‌రేలో మచ్చలున్నాయనగానే నాయనమ్మ నా గ్లాసు, కంచం వేరు పెట్టింది. టీబీ అని ఊళ్లో తెలిస్తే పిల్లకు పెళ్లెట్లయితదని అమ్మ ఒకటే ఏడుపు.

చివరికి ఒక డాక్టరు గారు రక్తపరీక్ష చేయించి, టీబీ కాదు, మూడు వారాలు ఈ మాత్రలు వాడండి అన్నారు. వారం తిరిగేసరికి రాత్రిళ్లు నిద్ర పట్టింది. నా గ్లాసు మళ్లీ అందరి గ్లాసుల్లో కలిసింది.

ఆ మాత్ర పేరు హెట్రజాన్. దాని వెనక ఉన్నది మన తెలుగువాడేనని డిగ్రీ చదివేటప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద మనసు నిలవలేదు. కాశీ పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని ఇంట్లోంచి పారిపోయారట. తల్లి వెంకమ్మ వెనక్కి తెప్పించి మళ్లీ బడికి పంపింది. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి తెల్లదొర ప్రొఫెసరు కోపానికి గురయ్యారు. బాగా చదివినా ఎం.బి.బి.ఎస్. కాకుండా చిన్న డిగ్రీ ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆ దుఃఖమే ఆయన్ని పరిశోధన వైపు నడిపించింది.

1919లో శేషగిరితో పెళ్లయింది. మామగారి సాయంతో అమెరికా వెళ్లారు. వెళ్లాక కొడుకు పుట్టాడు, ఏడాది తిరక్కముందే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు, మళ్లీ ఈ దేశానికి రానూ లేదు. ఆయన కథ ఎప్పుడు చదివినా నా మనసు శేషగిరమ్మ దగ్గరే ఆగిపోతుంది. ఆయన చేసిన మందులు లోకమంతా తిరిగాయి. ఆమె మాత్రం ఎదురుచూపుల్లోనే ఉండిపోయింది.

బోస్టన్‌లో పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రి పని చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని, 1929లో మన కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని లోకానికి చూపించారు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. ఆయన బృందం 1945కల్లా ఫోలిక్ ఆసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల్లో వచ్చే రక్తహీనతకు అది మందయింది. ఈ రోజు గర్భిణులు మింగే మాత్రలో ఉన్నదీ అదే.

హెట్రజాన్ 1947లో వచ్చింది. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు కోసం తయారైన మందది. మరి నా దగ్గుకెందుకు పనిచేసింది? దోమకాటుతో ఒంట్లో చేరిన పురుగు పిల్లలు ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటాయి. చాలామందికి ఏమీ కాదు. కొందరి ఒళ్లు మాత్రం వాటి మీద అతిగా యుద్ధం చేస్తుంది. రక్తంలో ఇసనోఫిల్స్ వేలకు వేలు పెరుగుతాయి. దగ్గు తెప్పించేది పురుగు కన్నా ఆ యుద్ధమే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం డాక్టర్లు 1940లోనే టీబీలా కనిపించే ఈ జబ్బు గురించి రాశారు. ఎందరి కంచాలు అట్లా వేరుపడ్డాయో!

ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఇసనోఫిల్స్ పెరిగిన ప్రతి దగ్గూ ఫైలేరియాది కాదు. కుళ్లిన గడ్డిలో, చెమ్మ గోడల్లో ఉండే ఆస్పర్జిల్లస్ అనే బూజు ఊపిరితో లోపలికి పోయినా కొందరి ఒళ్లు ఇట్లాగే తిరగబడుతుంది. పుట్టుకతోనే కఫం జిగటగా ఉండే సిస్టిక్ ఫైబ్రోసిస్ పిల్లల్లో, మన దగ్గర ఎక్కువగా పాత ఆస్తమా రోగుల్లో ఇది కనిపిస్తుంది. దీనినీ టీబీ అనుకుని నెలల తరబడి మందులు మింగేవాళ్లున్నారు. దీనికి హెట్రజాన్ పనిచేయదు. స్టెరాయిడ్లు, బూజును చంపే మందులు డాక్టరు చూసి ఇవ్వాలి. ఆలస్యమైతే ఊపిరితిత్తులు చెడిపోతాయి. అందుకే పాత చీటీ పట్టుకుని మందుల షాపుకు పోకండమ్మా. దగ్గు దేనివల్లనో తేల్చుకోండి.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలోనే కన్నుమూశారు. నోబెల్ రాలేదు. 1953లో ఒక బూజుజాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు.

2004 తర్వాత మా జిల్లాలో బోదకాలు మాత్రలు ఇంటింటికీ పంచారు. ఆ మాత్రల్లో ఉన్నది హెట్రజాన్ మందే. ఆ మాత్ర చేతికొచ్చినప్పుడల్లా రెండు మాట్లు ఫెయిలైన కొడుకును బడికి పంపిన వెంకమ్మ, భర్త రాక కోసం చూసిన శేషగిరమ్మ, నా వీపు రాసిన మా అమ్మ ముగ్గురూ నాకు గుర్తొస్తారు.