గెర్ట్రూడ్ ఎలియన్

గెర్ట్రూడ్ ఎలియన్ (జనవరి 23, 1918 - ఫిబ్రవరి 21, 1999) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ ఔషధ శాస్త్రవేత్త. వైరస్ వ్యాధులకు వాడే ఎసైక్లోవిర్ మందు ఈమె నాయకత్వంలో రూపుదిద్దుకొన్నది. 1988లో జార్జ్ హిచింగ్స్, జేమ్స్ బ్లాక్‌లతో కలసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకొన్నది.

బాల్యము, విద్య

ఎలియన్ న్యూయార్క్ నగరంలో, వలస వచ్చి స్థిరపడిన యూదు కుటుంబంలో జన్మించింది. తండ్రి దంతవైద్యుడు. ఈమెకు 15 ఏళ్ళ వయసులో తాతగారు కాన్సరుతో మరణించారు. ఆ వ్యాధికి మందు కనుగొనాలనే సంకల్పంతో రసాయన శాస్త్రాన్ని ఎన్నుకొని, 1937లో హంటర్ కళాశాల నుండి పట్టభద్రురాలైనది. స్త్రీ అయిన కారణంగా ప్రయోగశాలలలో ఉద్యోగం దొరకడం కష్టమైనది. పాఠశాలలో బోధిస్తూనే చదివి, 1941లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం నుండి ఎం.ఎస్సీ. పట్టా పొందింది.

పరిశోధనలు

1944లో బరోస్ వెల్‌కమ్ సంస్థలో హిచింగ్స్ వద్ద సహాయకురాలిగా చేరింది. హిచింగ్స్ అంతకుముందు హార్వర్డ్‌లో, యల్లాప్రగడ సుబ్బారావు పనిచేసిన ఫిస్క్ ప్రయోగశాలలోనే డాక్టరేటు చేసిన వ్యక్తి. ఎలియన్ రాత్రిపూట డాక్టరేటుకు చదువుతుండగా, ఉద్యోగం మాని పూర్తికాలం చదవాలని విద్యాలయం షరతు విధించింది. ఆమె ఉద్యోగాన్నే ఎంచుకొని, చదువును వదులుకొన్నది. ఆమె రూపొందించిన 6-మెర్కాప్టోప్యూరిన్ 1953 నుండి పిల్లల రక్తకాన్సరు చికిత్సలో వాడుకలోకి వచ్చింది.

ఎసైక్లోవిర్ పనిచేయు విధానము

వైరస్ మన కణంలోనే చేరి వృద్ధి చెందుతుంది కనుక, దానిని అణచే మందు కణానికీ హాని చేయక తప్పదని చాలామంది భావించేవారు. 1970లలో ఎలియన్ బృందం ఈ అభిప్రాయాన్ని మార్చింది. ఎసైక్లోవిర్ చూడడానికి డి.ఎన్.ఎ.లోని డీఆక్సీగ్వానోసిన్‌ను పోలి ఉంటుంది. హెర్పిస్ వైరస్‌కు చెందిన ఎంజైము దీనికి మొదటి ఫాస్ఫేటును చేరుస్తుంది. మిగిలిన రెండింటిని కణపు ఎంజైములు చేరుస్తాయి. అప్పుడది వైరస్ డి.ఎన్.ఎ. గొలుసులో చేరి, గొలుసు మరి పెరగకుండా ఆపివేస్తుంది. వైరస్ లేని కణాలలో ఆ మొదటి మెట్టు దాదాపు జరగదు కనుక వాటికి హాని స్వల్పము.

ఇది హెర్పిస్, ఆటలమ్మ, మెదడువాపులో హెర్పిస్ వలన వచ్చే రకము మున్నగు వాటికి ఉపయోగపడుతుంది. జలుబుకు, ఫ్లూకు పనిచేయదు. నాడీకణాలలో దాగిన వైరస్‌ను నిర్మూలించలేదు కనుక వ్యాధి తిరిగి రావచ్చును.

చివరి దశ

1983లో పదవీ విరమణ చేసినది. ఆమె వద్ద శిక్షణ పొందిన సహచరులు ఎయిడ్స్‌కు తొలి మందైన ఎ.జెడ్.టి.ని అభివృద్ధి చేసారు. 1987లో దానికి అనుమతి లభించింది. డాక్టరేటు పూర్తిచేయలేకపోయిన ఈమెకు పలు విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేటులు ఇచ్చాయి. 1999లో ఉత్తర కరోలినా రాష్ట్రంలో మరణించింది.