రిచర్డ్ రేటీ

చదరంగమున ప్రసిద్ధికెక్కిన రిచర్డ్ రేటీ 1889వ సంవత్సరము మే 28వ తేదీన, నాటి ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యములోని పెజినోక్ పట్టణమున జన్మించెను. ఆ పట్టణము నేడు స్లొవేకియా దేశమున నున్నది. అతడు వియన్నా నగరమున గణితశాస్త్రము నభ్యసించెను. కాని అతని మనస్సు చదరంగముపైననే లగ్నమయ్యెను.

1908లో వియన్నాలో గొప్ప పోటీ జరిగెను. అందు రేటీ 19 ఆటలాడి, 16 ఆటలలో ఓడెను. మూడు సమముగా ముగిసెను. ఒక్క గెలుపైనను లేక, 20 మందిలో కడపటివాడయ్యెను. పదునెనిమిదేండ్ల యువకునకు అది సామాన్యమైన పరాభవము కాదు. అయినను అతడు సాధన మానలేదు.

1921లో అతడొక చిక్కుసమస్యను కూర్చెను. అందు పావులు నాలుగే. తెల్లరాజు పై వరుసలో కుడిమూలను కలడు. అతనికి మూడు గడుల దిగువ నల్లబంటు కలదు. అది నాలుగెత్తులలో క్రింది వరుస చేరి మంత్రి కాగలదు. ఎడమవైపున తెల్లబంటు మంత్రియగుటకు రెండెత్తులు చాలును. కాని నల్లరాజు దాని చెంతనే పొంచియుండెను. మొదటి ఎత్తు తెల్లవారిది. ఆటను సమము చేయవలెను. తెల్లరాజు నల్లబంటును తిన్నగా తరిమినచో రెండెత్తులు వెనుకబడును. తన బంటును కాపాడుటకును అతడు మిక్కిలి దూరమున నుండెను.

నేలపై వంకరదారి తిన్నని దారికంటె దీర్ఘము. చదరంగమున రాజునకు అట్లు కాదు. నాలుగు గడులు తిన్నగా దిగుటకు నాలుగెత్తులు. రెండెత్తులు ఐమూలగా లోపలికి పోయి, రెండెత్తులు ఐమూలగా మరలి వచ్చినను నాలుగెత్తులే. కావున తెల్లరాజు ఐమూలగా బయలుదేరి, ఒక్కొక్క అడుగుతో రెండు బంట్లకును చేరువగును. నల్లరాజు తెల్లబంటును చంపుటకు రెండెత్తులు వ్యయపరచినచో, తెల్లరాజు వెనుకబడిన రెండెత్తులును తీరును. అతడు మరలి నల్లబంటును పట్టుకొనును. అట్లుగాక నల్లబంటు పరుగిడినచో, తెల్లరాజు తన బంటును చేరి కాపాడును. రెండు బంట్లును మంత్రులగును. ఎట్లైనను ఆట సమమగును.

1924లో న్యూయార్కు పోటీలో రేటీ జగజ్జేతయగు కాపబ్లాంకాను ఓడించెను. కాపబ్లాంకా అంతకుముందు ఎనిమిదేండ్లుగా ఓటమి నెరుగడు. 1925లో బ్రెజిల్ దేశపు సావో పాలో నగరమున రేటీ బల్లను చూడకయే ఏకకాలమున 29 మందితో ఆడెను.

1929 జూన్ 6వ తేదీన, నలువదేండ్ల వయస్సున, స్కార్లెట్ జ్వరముచే అతడు ప్రాగ్ నగరమున మరణించెను. కడపటి స్థానమునుండి జగజ్జేతను గెలుచువరకు అతనికి పదునారేండ్లు పట్టెను. విడివిడిగా అసాధ్యములైన రెండు కార్యములకు ఒకే బాటను వెదకవచ్చునని అతని సమస్య నేటికిని బోధించుచున్నది.