తూప్రాను నేలకొరిగిన తుర్రేబాజు ఖాను

సంగారెడ్డి, పటాన్‌చెరువు ప్రాంతముల కర్మాగారముల వాకిళ్లలో, చాయ దుకాణములలో ఎవడైన నొకడు బీరములు పలికినచో, తోడివారు వానిని తుర్రంఖానని యెగతాళి చేయుట మేము పలుమారు వినియున్నాము. ఆ మాటకు మూలమని పెద్దలు చెప్పు పురుషుడు బీరములు పలికినవాడు కాడు, ప్రాణము లొడ్డినవాడు. ఆతడు నేలకొరిగిన తూప్రాను సైతము దూరము కాదు. 2016 వరకు సంగారెడ్డి కేంద్రముగా నుండిన మెదకు జిల్లాలోనిదే.

ఆతని పేరు తుర్రేబాజు ఖాను. హైదరాబాదు నగరమున వసించిన రొహిల్లా యోధుడు. 1857 మే నెలలో మీరటున రగిలిన విప్లవాగ్ని దక్షిణమునకును వ్యాపించెను. నిజాము అఫ్జలుద్దౌలా, దివాను సాలారుజంగు ఆంగ్లేయుల పక్షము వహించిరి. ఢిల్లీపైకి నడచి స్వదేశీయులను చంపుటకు సమ్మతింపక నగరము చేరిన జమాదారు చీదాఖానును, ఆతని యనుచరులను దివాను పట్టించి రెసిడెంటున కప్పగించెను. ప్రజల గుండె మండెను.

జూలై 17, శుక్రవారము. తుర్రేబాజు ఖాను, మౌల్వీ అల్లాఉద్దీను నాయకులుగా రొహిల్లాలు, నగరవాసులు కోఠిలోని రెసిడెన్సీపై దండు వెడలిరి. ఎదుటి మేడల నాక్రమించి, ఉద్యానద్వారమును భేదించి, రాత్రి యెల్ల పోరాడిరి. లోపలివారికి ఫిరంగులు గలవు. వీరికి తుపాకులు, కత్తులు మాత్రమే. తెల్లవారుజామునకు దండు చెదరెను. చరిత్ర పేరైన వ్రాసికొనని వా రెందరో యచట కూలిరి.

కొలది దినములకే తుర్రేబాజు ఖాను పట్టువడెను. మౌల్వీ జాడ చెప్పుమని యధికారు లెంత యొత్తిడి చేసినను ఆతడు నోరు విప్పలేదు. యావజ్జీవ ద్వీపాంతరవాసము శిక్షగా విధింపబడెను. 1859 జనవరి 18న ఆతడు కారాగారమునుండి తప్పించుకొనెను. ఆతని తలకు 5,000 రూపాయల వెల కట్టిరి. ఆరు దినములు గడచినవి. జనవరి 24న తూప్రాను సమీపమున తాలూకాదారు కుర్బాన్ అలీ బేగు చేతిలో ఆతడు హతుడయ్యెను. మృతదేహమును నగరమునకు గొనితెచ్చి జనులు చూచి భయపడుటకై వ్రేలాడదీసిరి. మౌల్వీ అండమానునకు పంపబడి అచటనే కన్నుమూసెను.

సాలారుజంగు పరిపాలనాదక్షతను మేము కాదనము. రాజ్యమును చక్కదిద్దినవాడు ఆయన. కాని చీదాఖాను నప్పగించినదియు, తుర్రేబాజు ఖానుని చంపినదియు తెల్లవారి చేతులు కావు, మనవారి చేతులే. పరపాలన యింతకాలము నిలుచుటకు ఫిరంగులకంటె ఈ చేతులే యెక్కువ తోడ్పడెనని మా యభిప్రాయము. వీరుని పేరు వెక్కిరింతగా మిగిలి, వెలకు చంపినవాని పేరు మరుగున పడుట న్యాయమా?

యుద్ధభూమి యనగానే పానిపట్టు, పలాసీ మనకు తలపునకు వచ్చును. కోఠి బస్సులలో నిత్యము వేలమంది దిగుచున్నారు. ఆతని పేరు ధరించిన వీధి అచట గలదు. నాటి రెసిడెన్సీ భవనము నేడు స్త్రీల విద్యాస్థానము. నాగపురపు రహదారిమీద తూప్రాను దాటువా రెందరో గలరు. ఈ రెండు చోట్లను క్షణమాగి తల వంచువా రెందరు? పటాన్‌చెరువులో నేడు చెమటోడ్చు ఉత్తరదేశపు కార్మికులవలెనే, ఆతని పూర్వులును ఉత్తరమునుండి వచ్చినవారే. అయినను ఆతడు ఈ నేలకొరకే నెత్తురు ధారవోసెను.

ఉపాధ్యాయులు బాలురను, బాలికలను జూలై 17న కోఠికి, జనవరి 24న తూప్రానుకు తోడ్కొని పోవుదురు గాక. అచట వారికి పెద్ద యుపన్యాసములు వలదు. జరిగినది చెప్పిన చాలును. ఆపై ఆ బిడ్డలు తుర్రంఖానను మాటను ఎగతాళికి వాడుటకు సిగ్గుపడుదురు. ఆ వీరునకు మన మీయవలసిన ఋణములో మొదటి భాగ మదియే.