విశ్వదాత పంతులుగారు

తన యక్కఱ తీరినపిమ్మట మిగిలినదానిని దానము చేయుదమని తలఁచుట లోకములో సామాన్యము. కాని యక్కఱకు హద్దేర్పడుట యరుదు. ఆదాయము పెరిగినకొలఁది నక్కఱయుఁ బెరుగుచుండును; దానము మాత్రము రాబోవు సంవత్సరమునకు వాయిదా పడుచుండును. మావంటి న్యాయవాదులకు వాయిదాలు క్రొత్తవి కావు. అట్టి వాయిదాను గోరని యొక గృహస్థుని చరిత్రమును నేఁడు స్మరింపఁదలఁచితిమి.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867లో కృష్ణాజిల్లా యెలకుఱ్ఱు గ్రామమున జన్మించిరి. చెన్నపురి క్రైస్తవ కళాశాలలో చదివి 1891లో పట్టభద్రులైరి. ఆ కాలమునఁ బట్టభద్రులు సర్కారు కొలువునే యాశించుచుండఁగా వీరు వర్తకమును వరించిరి. కలకత్తాలోఁ గొంతకాలము పనిచేసి, బొంబాయి చేరి, 1893లో అమృతాంజనమును నెలకొల్పిరి. పేరెఱుఁగని మందును గొనువా రెవ్వరు? పంతులుగారు సంగీతసభలలో దానిని ఊరకనే పంచిపెట్టించిరి. మందు పనిచేసినది, కొనువా రేర్పడిరి. ఇందు వర్తకనైపుణ్యము లేదని మే మనము. కాని యీవితో నారంభమైన యా సంపద తుదివఱకు నీవియందే వినియోగపడుట గమనింపఁదగినది.

తెలుగు కూలీలు, మేస్త్రీలు, వర్తకులు తరతరములుగాఁ గాపురమున్న యా బొంబాయి నుండియే 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడినది. 1914లో నది చెన్నపురికి వచ్చి దినపత్రిక యైనది. 1924లో భారతి పుట్టినది. 1926లో ఆంధ్రగ్రంథమాల మొదలైనది. బసవపురాణము, పండితారాధ్యచరిత్రము వంటి ప్రాచీనకావ్యములు సామాన్యుల యిండ్లకుఁ జేరినవి. ఇవి లాభమునకై చేసిన పనులు కావు. తలనొప్పి మందు తెచ్చిన సొమ్ము తెలుఁగక్షరమునకు వ్యయమైనది.

ఈవులలో మిక్కిలి గొప్పది మఱియొకటి కలదని మా యభిప్రాయము. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1923లో స్వర్గస్థులు కాఁగా వారి ఆంధ్రవిజ్ఞానసర్వస్వము నడుమనే నిలిచిపోయినది. పంతులుగా రా భారమును దలకెత్తుకొనిరి. తన పేరు నిలుచు క్రొత్తపనికి ధనమిచ్చుట సులభము. పరుఁడు ప్రారంభించి విడిచిపోయిన పనికి ధనమును, శ్రమను గూడ నిచ్చుట కష్టము. మొదటిదానిలో ధనమును మాత్రమే విడుతుము. రెండవదానిలో ‘నాది’ యను మాటను గూడ విడువవలయును.

పంతులుగారు సన్న్యాసి కారు. వర్తకము చేసిరి, ఇల్లు కట్టిరి, కాంగ్రెసు వ్యవహారములు నడపిరి. ఉప్పుసత్యాగ్రహకాలమునఁ జెఱసాలకుఁ బోయి, యచ్చట గీతకు వ్యాఖ్య వ్రాసిరి. 1937 నవంబరులో మైలాపూరులోని వారి శ్రీబాగు గృహముననే కోస్తా, రాయలసీమ నాయకులు కూడి యొడంబడిక చేసికొనిరి. రాజధాని, హైకోర్టులలోఁ దమకు వలసినదానిని గోరుకొను హక్కును గోస్తావారు సీమవారికి విడిచిరి. విడుచుట యెఱిఁగిన వాని యింట నది జరుగుట సముచితమే. 1938 ఏప్రిలులోఁ బంతులుగారు కీర్తిశేషులైరి. విశ్వదాత యనియు, దేశోద్ధారకుఁ డనియు నాంధ్రులు వారిని బిలుచుకొనిరి.

అడిగినవారి కెల్ల నిచ్చినచో నపాత్రులును బొందుదురు గదా యని కొంద ఱాక్షేపింతురు. పొందవచ్చును. కాని యపాత్రునకు భయపడి చేయి ముడిచినచోఁ బాత్రుఁడును రిక్తహస్తములతోనే పోవును. ఈ రెండు నష్టములలో నేది చిన్నదో పంతులుగారు నిశ్చయించుకొనిరి.

ఆంధ్రపత్రిక 1991లో నాగిపోయినది. మందు సీసా నేఁటికిని అంగళ్లలో నున్నది. సంపాదించిపెట్టినది నిలిచి, సంపాదనను స్వీకరించినది పోయినదని చింతింపఁ బనిలేదు. ఆ పత్రిక చదివి, యా గ్రంథములు చదివి తరములు పెరిగినవి. ఎవరో మొదలిడి విడిచిన గ్రంథాలయమో, పాఠశాలయో ప్రతివారి యూరను నొకటి యుండకపోదు. పాఠకులు దాని నీ సంవత్సరమే, వచ్చు సంవత్సరమున కుంచక, విచారింతురు గాక.