వెలుగుకు బాట వేసిన విలియం స్టాన్లీ

వీధి చివర స్తంభాలపై సన్నగా రొద చేస్తూ కనిపించే ట్రాన్స్‌ఫార్మర్‌ను మనం నిత్యం చూస్తూనే ఉంటాం. దాని మూలసూత్రాన్ని 1831లో మైకేల్ ఫారడే కనుగొన్నాడు. ఆ సూత్రాన్ని ప్రజల అవసరానికి తగిన సాధనంగా మలచిన వారిలో అగ్రగణ్యుడు విలియం స్టాన్లీ.

స్టాన్లీ 1858 నవంబరు 28న అమెరికాలోని బ్రూక్లిన్‌లో జన్మించాడు. తండ్రి న్యాయవాది. కుమారుడూ అదే వృత్తిని చేపట్టడానికి యేల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. కాని ఆయన మనస్సు విద్యుత్తుపై లగ్నమైంది. కొద్ది నెలలకే చదువు విడిచి, హైరం మాక్సిం వద్ద సహాయకుడిగా చేరాడు. 1884లో ఆయన ప్రతిభను గుర్తించిన జార్జ్ వెస్టింగ్‌హౌస్ తన సంస్థలో ఉద్యోగమిచ్చాడు.

ఆ రోజులలో ఎడిసన్ ఏకముఖ విద్యుత్తును సరఫరా చేసేవాడు. వోల్టేజీ తక్కువ కావడంవల్ల అది దూరం సాగేకొద్దీ తీగలలోనే వేడిగా ఎక్కువ వృథా అయ్యేది. అదే శక్తిని పదిరెట్లు అధిక వోల్టేజీతో పంపితే ప్రవాహం పదోవంతుకు, తీగలలోని నష్టం నూరోవంతుకు తగ్గుతుంది. అయితే అంత వోల్టేజీ ఇంటిలోకి వస్తే ప్రాణాపాయం. కనుక దారిలో పెంచి, గడప వద్ద తగ్గించాలి. ఏకాంతర విద్యుత్తుతోనే, ట్రాన్స్‌ఫార్మర్ ద్వారానే అది సులభసాధ్యం.

అప్పటికే గొలార్డ్, గిబ్స్ అనేవారు ఇటువంటి సాధనాన్ని తయారుచేశారు. కాని వాటిని ఒకదాని వెంట ఒకటిగా శ్రేణిలో కలిపినందువల్ల ఒకచోట దీపాలు ఆర్పితే మరొకచోట వెలుగు మారిపోయేది. స్టాన్లీ వాటిని సమాంతరంగా కలిపి, ఒకరి దీపంతో మరొకరికి ఇబ్బంది లేకుండా చేశాడు. 1885లోనే హంగేరీ ఇంజనీర్లు కడియం వంటి ఇనుప కోర్‌ను రూపొందించారు. దానికి తీగ చుట్టడం ఎంతో శ్రమ. స్టాన్లీ, ఆయన సహచరులు ఆంగ్ల అక్షరం ‘ఇ’ ఆకారంలో పలుచని ఇనుప రేకులను కత్తిరించి, ముందుగా చుట్టి ఉంచిన తీగచుట్టలోనికి చొప్పించే పద్ధతిని అనుసరించారు. దీనితో తయారీ సులభమైంది. ముద్ద ఇనుముకు బదులు రేకులు వాడడంవల్ల సుడి ప్రవాహాలు తగ్గి, కోర్ వేడెక్కడమూ తగ్గింది.

ఇంతలో ఆరోగ్యం దెబ్బతిన్నది. ఆయన పిట్స్‌బర్గ్ విడిచి, మసాచుసెట్స్‌లోని గ్రేట్ బారింగ్టన్ అనే చిన్న పట్టణం చేరుకొన్నాడు. వెస్టింగ్‌హౌస్ సలహాదారులలో పలువురికి ఈ ప్రయత్నంపై నమ్మకం లేదు. అయినా స్టాన్లీ వెనుకంజ వేయలేదు. పాడుపడిన రబ్బరు మిల్లులో ఆవిరి యంత్రాన్ని, జనరేటర్‌ను నెలకొల్పి, ప్రధాన వీధిలోని చెట్లకే తీగలు బిగించాడు. 1886 మార్చి 20న 500 వోల్టుల విద్యుత్తు ఆ తీగల వెంట సాగి, దుకాణాల నేలమాళిగలలో ఉంచిన ట్రాన్స్‌ఫార్మర్ల ద్వారా 100 వోల్టులకు తగ్గి దీపాలను వెలిగించింది. ఆ సంవత్సరం ముగిసేలోగా వెస్టింగ్‌హౌస్ సంస్థ బఫెలో నగరంలో ఇదే విధానాన్ని వ్యాపారస్థాయిలో అమలుచేసింది.

1890లో స్టాన్లీ పిట్స్‌ఫీల్డ్‌లో సొంత సంస్థను స్థాపించాడు. 1912లో ఆయనకు ఎడిసన్ పతకం లభించింది. ఏకాంతర విద్యుత్తును వ్యతిరేకించిన ఎడిసన్ పేరిటనే ఆ గౌరవం దక్కడం విశేషం. 1913లో ఆయన పేటెంటు పొందిన ఉక్కు ఫ్లాస్కు నేటికీ ఆయన పేరుతోనే అమ్ముడవుతున్నది. 1916 మే 14న ఆయన కన్నుమూశాడు.

ట్రాన్స్‌ఫార్మర్ సూత్రం ఒక్కటే అయినా, రూపం పనిని బట్టి మారుతుంది. విద్యుత్కేంద్రంలోనిది వోల్టేజీని లక్షల వోల్టులకు పెంచుతుంది. వీధిలోనిది 11,000 వోల్టులను ఇండ్లకు అవసరమైన 230 వోల్టులకు తగ్గిస్తుంది. అది రేయింబవళ్లు పనిచేయవలసినది కనుక ఇనుప కోర్‌లో నష్టం అతి స్వల్పంగా ఉండేటట్లు నిర్మిస్తారు. వెల్డింగ్‌కు వాడేది తక్కువ వోల్టేజీ వద్ద అధిక ప్రవాహాన్ని ఇస్తుంది. కొలతలకు వాడేదానిలో ఖచ్చితత్వమే ప్రధానం. అవసరాన్ని ముందుగా గ్రహించి, దానికి తగినట్లు సాధనాన్ని తీర్చిదిద్దడమే స్టాన్లీ జీవితం మనకు అందించే పాఠం.