నవాబ్ అలీ నవాజ్ జంగ్: సర్కారు సొమ్ముతో నీళ్లు, నీళ్లతో పని

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర నిలబడితే సర్కారు ఖర్చంటే ఏంటో కళ్లకు కనిపిస్తుంది. తలపైన మెట్రో పట్టాలు, 2023లో తెరిచిన స్కైవాక్, వరంగల్ రోడ్డు మీద 2018లో మొదలై ఏళ్లకేళ్లు సాగిన ఫ్లైఓవర్ పనులు. పక్కనే నాచారం పారిశ్రామికవాడలో వేల కుటుంబాలకు రోజువారీ రోజీ. ఇంత డబ్బు పోస్తే మనోళ్లకు పని దొరుకుతుందా, పని అయిపోయాక ఏం మిగులుతుంది అనే ముచ్చట ఈ బస్తీల్లో కొత్తది కాదు. వందేళ్ల కింద ఒక హైదరాబాదీ ఇంజనీరు చేసిపోయిన పనిలో దీనికి జవాబు దొరుకుతుంది. ఆయనే నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాద్‌లో పుట్టారు. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్‌లో, మదర్సా-ఎ-ఆలియాలో చదువుకున్నారు. 1896లో రియాసత్ స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్ వెళ్లి, కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కాలేజీలో చేరారు. 1899లో తిరిగొచ్చి ప్రజా పనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా ఉద్యోగం మొదలుపెట్టారు.

ఆయన కొలువులో చేరిన తొమ్మిదేళ్లకు, 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. వేల ప్రాణాలు పోయాయి, వేల ఇళ్లు కూలిపోయాయి. మరుసటి ఏడాది నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఊరికి ఎగువనే నీళ్లను ఆపాలనే పథకం అప్పుడు తయారైంది. 1918లో అలీ నవాజ్ జంగ్ చీఫ్ ఇంజనీరు అయ్యారు. ఆయన హయాంలోనే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఊరికి తాగునీళ్లు వచ్చాయి. చాదర్‌ఘాట్, అంబర్‌పేట దాటి నాగోల్, ఉప్పల్ వైపు పారే మూసీ వరదకు ఎగువన రెండు అడ్డుకట్టలు పడ్డాయి.

కానీ ఆయన పేరు నిలబెట్టింది నిజాం సాగర్. తెలంగాణ పల్లెలకు అప్పట్లో వరద కంటే కరువే పెద్ద శత్రువు. కరువొచ్చినప్పుడల్లా సర్కార్లు రోడ్డు పక్కన కంకర కొట్టించి కూలీ ఇచ్చేవి. ఆ పూటకు పొయ్యి వెలిగేది, మళ్లీ కరువొస్తే మళ్లీ అదే కంకర. మంజీరా మీద ఆనకట్ట కడితే కూలీ దొరుకుతుంది, ఆ తర్వాత కరువూ తగ్గుతుంది. నిజామాబాద్ జిల్లా అచ్చంపేట దగ్గర 1923లో పని మొదలైంది. రాళ్లు కొట్టేవాళ్లు, మట్టి మోసేవాళ్లు, మేస్త్రీలు, బండ్లు తోలేవాళ్లు వేల మంది ఏళ్ల తరబడి అక్కడ పనిచేశారు. 1931లో కట్ట పూర్తయింది. సుమారు 30 టీఎంసీల నీళ్లు పట్టే జలాశయం, 150 కిలోమీటర్లకు పైగా ప్రధాన కాలువ, 2 లక్షల 75 వేల ఎకరాల ఆయకట్టు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1929 తర్వాత, ప్రపంచమంతా మాంద్యంలో పడింది. పంటల ధరలు కూలిపోయాయి. ప్రజా పనుల మీద సర్కారే ఖర్చుపెట్టి ఉపాధి ఇవ్వాలని అమెరికాలో రూజ్‌వెల్ట్ టెన్నెసీ లోయ ప్రాజెక్టు మొదలుపెట్టింది 1933లో. అప్పటికే నిజాం సాగర్ కట్ట లేచి నిలబడింది. హైదరాబాద్ సర్కారు దీన్ని మాంద్యానికి మందుగా కట్టలేదు, కరువు పోగొట్టడానికి కట్టింది. అయినా ఫలితం అదే దారిలో వచ్చింది. కాలువ నీళ్లతో చెరుకు పండింది. ఆ చెరుకు కోసం 1937లో బోధన్ దగ్గర నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. కోస్తా జిల్లాల నుంచి కూడా రైతు కుటుంబాలు వచ్చి ఆ కాలువల కింద స్థిరపడ్డాయి. కట్ట కట్టిన కూలీలు వెళ్లిపోయాక కూడా పొలంలో, మిల్లులో, బజారులో పని పుడుతూనే ఉంది.

దీనికి మూల్యం కూడా ఉంది. సుమారు 40 ఊళ్లు నీళ్లలో మునిగాయి. అక్కడి జనం ఇళ్లు, పొలాలు, ఖబరస్తాన్లు, గుళ్లు వదిలి పోవాల్సి వచ్చింది. ఆయన పేరు తలుచుకునేటప్పుడు వాళ్లనూ తలుచుకోవడం ఇన్సాఫ్.

పాలేరు, వైరా జలాశయాలు కూడా ఆయన కాలంలో వచ్చినవే. ఆయన పేరు రియాసత్ దాటి పోయింది. 1929లో సింధ్‌లోని సుక్కూర్ బ్యారేజీ పనులను పరిశీలించమని బొంబాయి సర్కారు విశ్వేశ్వరయ్యతో పాటు ఆయన్ని కోరింది. తర్వాత కాంగ్రెస్ వేసిన జాతీయ ప్రణాళికా సంఘంలో, నెహ్రూ అధ్యక్షతన, నదులు, నీటిపారుదల ఉపసంఘానికి ఆయనే అధ్యక్షులు. 1949 డిసెంబర్ 6న కన్నుమూశారు. 2014 నుంచి తెలంగాణలో ఆయన పుట్టినరోజు జూలై 11ని ఇంజనీర్ల దినంగా జరుపుతున్నారు.

సర్కారు ఖర్చు సదఖా కాదు, జనం కట్టిన పన్నే. కాబట్టి ఆ డబ్బు తర్వాతి తరానికి కూడా పనిచేయాలి. కట్టి వదిలేస్తే అదీ జరగదు. పూడిక పేరుకుని నిజాం సాగర్‌లో నీళ్లు పట్టే జాగా ఇప్పుడు 18 టీఎంసీల దగ్గరికి పడిపోయింది. బోధన్ ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడి కార్మికులు రోడ్డున పడ్డారు. 2020 అక్టోబర్ వానల్లో రామంతాపూర్, హబ్సిగూడ కాలనీలు నీళ్లలో మునిగాయి. చెరువుల దారి మూసుకుపోతే ఏమవుతుందో ఉప్పల్, నాచారం ఇళ్లవాళ్లకు అప్పుడు అర్థమైంది.

ఫ్లైఓవర్ కావాలి, మెట్రో కావాలి. వాటి పక్కనే ఉప్పల్ నల్ల చెరువు, నాచారం పెద్ద చెరువు, వాటిని కలిపే నాలాలు బాగుచేసే పని కూడా సర్కారు ఖర్చే. అందులోనూ కూలీకి పని ఉంది, మేస్త్రీకి పని ఉంది, ఇంజనీరింగ్ చదివిన మన పిల్లలకూ పని ఉంది. బడ్జెట్ వచ్చినప్పుడు కార్పొరేటర్‌ను, ఎమ్మెల్యేను అడగాల్సినవి రెండే: ఈ పని అయ్యాక ఇక్కడ ఎవరికి రోజీ మిగులుతుంది? దాన్ని బాగుచేసుకుంటూ ఉండటానికి ఏటా డబ్బు పెట్టారా?