ప్రయోగదీక్షాపరుడు యల్లాప్రగడ సుబ్బారావు

ఆధునిక వైద్యశాస్త్రానికి తెలుగునేల అందించిన మహనీయులలో యల్లాప్రగడ సుబ్బారావు అగ్రగణ్యులు. ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. పేదరికం వల్ల చదువు ఒడుదొడుకులతో సాగింది. మూడవ ప్రయత్నంలోగాని మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. ఆ కాలంలోనే ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే ప్రేగుల వ్యాధికి బలి అయ్యారు. ఆనాడు ఆ వ్యాధికి సరైన మందు లేదు. ఆ దుఃఖమే ఆయనను పరిశోధనకు పురికొల్పింది.

సుబ్బారావు 1922లో అమెరికా చేరుకొన్నారు. ఆసుపత్రిలో చిన్న చిన్న పనులు చేసి పొట్ట పోసుకొంటూ హార్వర్డు విశ్వవిద్యాలయంలో విద్య కొనసాగించారు. సైరస్ ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి, శరీరద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. నమూనాలోని ఫాస్ఫేటును ఆమ్లయుతమైన మాలిబ్డేటుతో కలిపి, దానికి క్షయకరణిని చేర్చితే నీలిరంగు ఏర్పడుతుంది. భాస్వరం ఎంత ఉన్నదో ముందే తెలిసిన ద్రావణపు రంగుతో ఆ రంగును పోల్చి పరిమాణాన్ని లెక్కకట్టేవారు.

ఇదే పద్ధతిని కండరాల సారంపై ప్రయోగించినప్పుడు ఒక చిక్కు ఎదురైంది. నీలిరంగు రావలసిన వేగంతో రాక, ఆలస్యంగా చిక్కబడసాగింది. దానిని పరికరాల లోపమని తోసిపుచ్చి ఉంటే కథ అక్కడితో ముగిసేది. వారు అలా చేయలేదు. కాలం గడిచేకొద్దీ రంగు ఎలా మారుతున్నదో ఓర్పుతో కొలిచారు. భాస్వరాన్ని తనలో బంధించుకొని, ఆమ్లంలో మెల్లమెల్లగా విడిచిపెట్టే పదార్థం ఒకటి కండరంలో ఉన్నదని గ్రహించారు. 1927లో వెల్లడైన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేసినప్పుడు అది తరుగుతుంది. విశ్రాంతి సమయంలో తిరిగి పెరుగుతుంది. జీవకణాలకు శక్తినిచ్చే ఎ.టి.పి.ని కూడ వారిరువురు 1929లో కనుగొన్నారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా ఆ పదార్థాన్నే గుర్తించారు.

1940లో సుబ్బారావు లెడర్లీ పరిశోధనశాలలో చేరారు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తన సోదరులను కబళించిన స్ప్రూ వ్యాధికి అది దివ్యౌషధమైంది. బోదకాలును అరికట్టే హెట్రజాన్, అనేక అంటువ్యాధులను నయంచేసే ఆరియోమైసిన్ కూడ ఆ పరిశోధనశాల నుండే వెలువడ్డాయి.

1948 ఆగస్టులో ఆయన న్యూయార్కులో కన్నుమూశారు. 1995లో, ఆయన శతజయంతి సందర్భంగా, భారత ప్రభుత్వం తపాలాబిళ్లను విడుదల చేసింది. ఊహించిన ఫలితం రానప్పుడు విసుగు చెందక మరల కొలిచి చూడటమే శాస్త్రజ్ఞుని ధర్మమని ఆ మహనీయుని జీవితం నిరూపిస్తున్నది.